వెనక సెన్సర్

షువైఖ్‌లో ఆగస్టు. మధ్యాహ్నం మూడు.
స్పానర్‌ను వట్టి చేత్తో పట్టుకుంటే
ఇస్త్రీపెట్టెను పట్టుకున్నట్టే.
తడిగుడ్డ చుట్టుకుని పట్టాలి.

ముతసిం మాస్టారి కామ్రీ వచ్చింది.
సూడాన్ మనిషి, పిల్లలకు లెక్కలు చెబుతాడు.
డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజను బొమ్మ
నెల రోజులుగా ఆరడం లేదు.
ఒక షాపువాడు ఒక సెన్సర్ మార్చాడు,
ఆ తర్వాతివాడు ఇంకొకటి మార్చాడు.
పొగ పరీక్షలో రెండుసార్లు తప్పింది.
మూడోసారీ తప్పితే దఫ్తర్ రెన్యూ కాదు.
రసీదులన్నీ తారీఖుల వారీగా పిన్ను కొట్టి తెచ్చాడు.

ఎయిర్ ఫిల్టర్ దులిపితే
పోయిన వారం దుమ్ముతుఫాను మొత్తం రాలింది.
ఇంజెక్టర్లు నాలుగూ ఊడదీసి బెంచి మీద పెట్టాం.
మూడు మంచులా చిమ్మాయి.
నాలుగోది కారిపోయే కొళాయిలా
ఒక పక్కకే పోసింది.
"మామా, ఇదేనా దొంగ?" అన్నాడు ఓబులేసు.
వాడికి ఇక్కడ మూడో నెల.
చేతికి ఏది చిక్కితే అదే దొంగ.
కాదురా, ఇది సోమరి.
ఒక స్నానం చేయిస్తే లేస్తుంది.

స్కానర్ తెర మీద రెండు గీతలు చూపించాను.
ముందు సెన్సర్ గీత ఎగరాలి, దూకాలి, అది దాని పని:
పెట్రోలు ఎక్కువ, తక్కువ, ఎక్కువ, తక్కువ,
సంతలో బేరమాడే మనిషిలా.
వెనక సెన్సర్ గీత తిన్నగా పోవాలి,
మధ్యలో ఉన్న డబ్బా ఆ రచ్చనంతా మింగేస్తుంది గనక.
ఇక్కడ రెండూ ఒకే అడుగేస్తున్నాయి,
కోలాటంలో ఎదురెదురు నిలబడ్డవాళ్ళలా.
"అంటే?"
అంటే, మధ్యలో మింగేవాడు లేడు.

గుంతలోకి దిగాను.
రబ్బరు సుత్తితో డబ్బాను తట్టాను.
ఖాళీ బిందెలా మోగింది.
టార్చి పైకెత్తితే, అంచున వెల్డింగు కుట్టు.
జానెడు కుట్టు. అరబ్బీ రాతలా కుడినుంచి ఎడమకు,
చివర చిన్న కొక్కెంలా వంగి.

ఎడంచేతివాటం కుట్టు.
ఈ షెడ్డులో ఎడంచేతివాడు ఒక్కడే.

ఎనిమిదేళ్ళ కింద. ఇదే గుంత.
వట్టి ఆయిలు మార్చడానికి వచ్చిన బండి.
ఎవరిదో నేను అడగలేదు.
ఉస్తాద్ గుల్జమాన్ గడపార ఇచ్చి, కొట్టు అన్నాడు.
లోపల బూడిదరంగు తేనెతుట్టె,
చీమ కాలు పట్టనంత గదులు, వేలకు వేలు.
మూడు పోట్లకు పొడి.
వెనక సెన్సర్‌కు గొట్టం ముక్క తొడిగి
దాని ముక్కు మూశాం. ఆ ముక్క ఎప్పుడో కాలి రాలినట్టుంది.
పొడి కోసం ఒకాయన గోనెసంచితో వచ్చేవాడు.
త్రాసు మాత్రం బంగారం కొట్టుది.
నాకు అయిదు దినార్లు.
ఫోను కార్డు కొని రాయచోటికి మాట్లాడాను,
పని బాగా నేర్పిస్తున్నారని చెప్పాను.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
బొటనవేలంత కూడా లేని సెన్సర్ పట్టింది.

"దొరికిందా?" మాస్టారు పైనుంచి వంగాడు.
కళ్ళద్దాలు, జేబులో ఎర్ర పెన్ను.
"లోపల ఖాళీ" అన్నాను.
"ఎవరు తీశారు?"

పక్కన ఓబులేసు టార్చి పట్టుకుని ఉన్నాడు.
నేనేం చెబితే అది నేర్చుకుంటాడు.
కాలిన రబ్బరు వాసన. ఎక్కడో కంప్రెసర్ ఆగింది.
తేలు కుట్టిన దొంగ కూడా
ఎంతసేపని పళ్ళు బిగబట్టుకుంటాడు.

'నేను' అనడానికి అరబ్బీలో రెండే అక్షరాలు.
జీతం అడిగినప్పుడు అన్నాను, సెలవు అడిగినప్పుడు అన్నాను,
ఇన్నాళ్ళూ నోట్లో తేలిగ్గానే ఉండేది.

అనా, అన్నాను.

మాస్టారు ఏమీ అనలేదు.
రసీదుల కట్ట పిన్ను విప్పి
ఒక తెల్లకాగితం పైన పెట్టి, తారీఖు వేసి,
నా పేరు ఎలా రాయాలో అడిగాడు.